ఆటలో పసిమనసును చదివిన ఉపాధ్యాయురాలు – అన్నా ఫ్రాయిడ్

బొమ్మరిల్లు కట్టి, గుజ్జనగూళ్లు వండి, కొబ్బరి చిప్పలో ఇసుక అన్నం వడ్డించి, బొమ్మను ఒడిలో పెట్టుకొని జోకొట్టే బాలికను చూసి మురిసిపోని తల్లి ఉండదు. అదే బాలిక మరునాడు ఆ బొమ్మను నేలకేసి కొట్టి, మూలన నిలబెట్టి, అన్నం పెట్టనని దండించినప్పుడు మాత్రం మనం కోపగించుకొంటాము. మొదటి ఆట మనకు ముచ్చటగా తోస్తుంది, రెండవది మొండితనంగా తోస్తుంది. వాస్తవానికి రెండు ఆటలూ చేసే పని ఒక్కటే. మాటలలో చెప్పుకోలేని దానిని ఆ పసిది చేతలలో చెప్పుకొంటున్నది.

ఈ సత్యాన్ని ఓపికగా పరిశీలించి లోకానికి తెలియజెప్పిన వారిలో అగ్రగణ్యురాలు అన్నా ఫ్రాయిడ్. మనోవిశ్లేషణ శాస్త్రానికి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తెగా ఆమె పేరు చాలామందికి తెలుసు. ఆమె తొలుత ఒక బడిపంతులమ్మ అన్న సంగతి ఎరిగినవారు తక్కువ. మన పాఠశాల 75 ఏండ్లు పూర్తి చేసుకొన్న ఈ శుభవేళ, పిల్లల మధ్యనే జీవితాన్ని గడిపిన ఆ మహనీయురాలి చరిత్రను తలచుకోవడం తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు మేలు చేస్తుందని నా విశ్వాసం.

బాల్యం, విద్యాభ్యాసం

అన్నా ఫ్రాయిడ్ 1895 డిసెంబరు 3వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. సిగ్మండ్, మార్తా దంపతులకు ఆరుగురు సంతానం. ఆమె ఆఖరి బిడ్డ. తల్లికంటే తనను పెంచిన దాది యొద్దనే ఆమెకు చనువు ఎక్కువ. తనకంటె రెండున్నరేళ్లు పెద్దదైన అక్క సోఫీ అందరికీ ముద్దు. అన్నలు, అక్కలు కలిసి వెళ్లినప్పుడు తాను ఇంట మిగిలిపోయిన బాధను ఆమె పెద్దయిన పిమ్మట కూడ మరచిపోలేదు. పెద్దల నడుమ ఒంటరిగా మిగిలిన పసివాడి మనసు ఎట్లుంటుందో ఆమెకు మొదట నేర్పినది స్వానుభవమే.

వియన్నాలోని కాటేజ్ లైసియంలో ఆమె చదువు 1912లో ముగిసింది. విశ్వవిద్యాలయపు మెట్లు ఆమె ఎక్కలేదు. ఉపాధ్యాయ పరీక్షలో ఉత్తీర్ణురాలై, తాను చదివిన బడిలోనే శిక్షణార్థిగా చేరారు. 1917లో రెండవ తరగతి బాధ్యతను స్వీకరించారు. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులవి. వియన్నాలో తిండికి, వంటచెరకుకు కరువు వచ్చింది. ఆ కాలంలోనే ఆమెకు క్షయ వ్యాధి సోకింది. అనారోగ్యం పలుమార్లు తిరగబెట్టడంతో 1920లో ఉద్యోగాన్ని వదలుకోవలసి వచ్చింది. తరగతి గదిని వదిలినా ఉపాధ్యాయురాలి దృష్టి ఆమెను చివరి వరకు విడిచిపెట్టలేదు.

బొమ్మలకు చొక్కాలు కుట్టిన వైద్యురాలు

తండ్రి శాస్త్రాన్ని అభ్యసించిన అన్నా, 1922లో వియన్నా మనోవిశ్లేషణ సంఘంలో సభ్యురాలై, మరుసటి ఏడు స్వయంగా చికిత్స ప్రారంభించారు. సరిగా ఆ 1923లోనే తండ్రికి దవడ క్యాన్సరు బయటపడింది. అది మొదలు పదహారేళ్లు ఆయనకు పరిచర్య చేస్తూనే ఆమె తన వృత్తిని సాగించారు.

పెద్దలకు వైద్యం చేసే పద్ధతి పిల్లలకు పనికిరాదని ఆమె త్వరలోనే గ్రహించారు. పెద్దవాడు తన బాధను తాను గుర్తించి, తన కాళ్లతో తాను వైద్యుని వద్దకు వస్తాడు. పిల్లవాడిని తల్లిదండ్రులు తీసుకొని వస్తారు. తనకేదో లోపమున్నదని వాడికి తెలియదు. ఎదుట కూర్చున్న పెద్దమనిషికి తన మనసు ఎందుకు చెప్పాలో అసలే తెలియదు. కనుక ముందు వాడి నమ్మకం సంపాదించాలి. అందుకు అన్నా ఎంచుకొన్న ఉపాయాలు మన పంతులమ్మలకు సులభంగా అర్థమయ్యేవే. ఒక బాలుడు దారంతో ముడులు వేసి చూపితే, ఆమె అంతకంటె చిక్కు ముడులు వేసి చూపేవారు. అతడు కథలు చెబితే టైపు మిషను మీద కొట్టి ఇచ్చేవారు. ఒక బాలిక వచ్చినంతసేపూ ఆమె అల్లిక సూదులతో కూర్చొని, ఆ పిల్ల బొమ్మలన్నింటికీ వరుసగా దుస్తులు అల్లి తొడిగారు. ఆ విధంగా తాను పిల్లలకు ఉపయోగపడే మనిషినని ముందు రుజువు చేసుకొని, అటుపిమ్మటనే వారి మనసులోనికి తొంగిచూచారు. ఈ అనుభవాలను 1927లో ఆమె పుస్తకంగా వెలువరించారు.

పిల్లల మనసును ఆటల ద్వారా తెలుసుకొనే ప్రయత్నం ఆమెతోనే మొదలు కాలేదు. అంతకు ముందే వియన్నాలో హెర్మీన్ హుగ్-హెల్ముత్ అనే ఉపాధ్యాయురాలు పిల్లలతో ఆడుతూ వారిని పరిశీలించారు. బెర్లిన్ నుండి 1926లో లండన్ చేరిన మెలనీ క్లైన్, చిన్న చిన్న కొయ్య బొమ్మలను పిల్లల ముందుంచి, వారు ఆడే ప్రతి ఆటకూ లోతైన అర్థం ఉన్నదని వాదించారు. పెద్దవారి మాట ఎంతటిదో పిల్లల ఆట అంతటిదని ఆమె సిద్ధాంతం.

అన్నా ఇందుకు పూర్తిగా సమ్మతించలేదు. ఇంటికి వచ్చిన అతిథి చేతిసంచీని ఒక పిల్లవాడు తెరచి చూచినంత మాత్రాన, దానికి గూఢార్థం వెతకనక్కరలేదు. నిన్న వచ్చిన మరొక అతిథి అటువంటి సంచీ నుండే వాడికి కానుక తీసి ఇచ్చి ఉండవచ్చును. పిల్లవాడు రెండు బొమ్మ బండ్లను ఢీకొట్టించాడంటే, దారిలో అటువంటి ప్రమాదాన్ని చూచి ఉండవచ్చును. ఆటను చూడాలి, దానితోపాటు ఆ పిల్లవాడి ఇంటినీ, ఆనాటి సంఘటనలనూ తెలుసుకోవాలి. తల్లిదండ్రులను కలుపుకొని పోవాలి. అప్పుడే ఆట అర్థం తెలుస్తుందని ఆమె నిశ్చయం. ఈ ఇద్దరు విదుషీమణుల అభిప్రాయ భేదం ఏండ్ల తరబడి సాగి, 1940 తరువాతి సంవత్సరాలలో లండన్ మనోవిశ్లేషకుల సంఘాన్నే రెండు పక్షాలుగా చేసింది. ఎవరి పక్షం ఏదైనా, పిల్లల ఆట కాలక్షేపం మాత్రమే కాదని ఇరువురూ అంగీకరించారు.

భూతమై భూతాన్ని జయించిన బాలిక

1936లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథంలో మనసు తన్ను తాను కాపాడుకొనే మార్గాలను అన్నా వివరించారు. అందులో కొన్ని ఉదాహరణలు ప్రతి తల్లీ తెలుసుకోదగినవి. ఒక బాలికకు చీకటిగా ఉన్న నడవను దాటాలంటే దయ్యాల భయం. కొన్నాళ్లకు ఆ పిల్ల చేతులతో ఏవో వింత చేష్టలు చేస్తూ నడవలో పరుగెత్తడం మొదలుపెట్టింది. భయం పోయింది. ఎదురుకాగల దయ్యం తానే అయినట్లు నటిస్తే ఇక భయపడనక్కరలేదని తన తమ్ముడికి కూడ ఆ రహస్యాన్ని నేర్పింది.

మరొక ఉదాహరణలో, దంత వైద్యుని వద్ద నొప్పి అనుభవించిన ఆరేళ్ల బాలుడు చిరాకుతో ఆమె వద్దకు వచ్చాడు. గదిలోని రబ్బరు ముక్కను కోశాడు. దారపు ఉండ కనబడితే దానిని తునకలు చేశాడు. పెన్సిళ్లను చెక్కడం, మొన విరగగొట్టడం, మరల చెక్కడం, ఇదే పని. అతడు వైద్యుని వేషం వేయలేదు. తనకు జరిగిన దానిని వస్తువుల మీద జరిపించాడు, అంతే. నొప్పి పడిన నిస్సహాయుడు నొప్పి కలిగించే బలవంతుడయ్యాడు. ఆట చేసే మేలు ఇందులోనే ఉన్నది. జీవితంలో తన ఇష్టంతో పనిలేకుండా జరిగిపోయిన దానిని, పిల్లవాడు ఆటలో తన ఇష్టం వచ్చినట్లు, తన చేతులతో, తన వేగంతో మరల జరిపించుకొంటాడు. అట్లు జరిపించుకొనే కొద్దీ దాని కోరలు రాలిపోతాయి. మన పిల్లలు ఆడుకొనే సూదిమందు ఆటకూ, బెత్తం పట్టుకొని ఆడే టీచరాటకూ మూలం ఇదే.

వియన్నాలో ఆమె ఉపాధ్యాయుల కోసం ఉపన్యాసాలు ఇచ్చేవారు. అమెరికా నుండి నలుగురు పిల్లలతో వచ్చిన డోరతీ బర్లింగ్‌హామ్ ఆమెకు జీవితకాలపు స్నేహితురాలైనారు. వారిద్దరూ మరికొందరితో కలిసి నడిపిన చిన్న బడిలో, తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన ఎరిక్ ఎరిక్సన్ ఉపాధ్యాయుడుగా పనిచేశారు. 1937లో నిరుపేదల పసిపిల్లల కొరకు అన్నా ఒక శిశువిహారాన్ని తెరిచారు. వియన్నాలోని మాంటిస్సోరి ఉపాధ్యాయురాండ్రతో ఆమెకు సన్నిహిత సంబంధం ఉండేది. ఆ మరియా మాంటిస్సోరియే 1939లో మన మద్రాసు అడయారుకు వచ్చి, ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం మనవారికి తెలిసిన విషయమే.

పరదేశంలో, బాంబుల నడుమ

1938 మార్చిలో హిట్లర్ సేనలు వియన్నాలో ప్రవేశించాయి. యూదు కుటుంబాలకు కష్టకాలం దాపురించింది. శిశువిహారం మూతపడింది. మార్చి 22వ తేదీన రహస్య పోలీసులు అన్నాను విచారణకు తీసుకొని పోయి, ఆ సాయంకాలం వరకు విడిచిపెట్టలేదు. జూన్ 4వ తేదీన ఆమె తల్లిదండ్రులతో స్వదేశాన్ని వీడి లండన్ చేరారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో తండ్రి కన్నుమూశారు. వియన్నాలో ఉండిపోయిన నలుగురు మేనత్తలు నాజీల నిర్బంధ శిబిరాలలో ప్రాణాలు కోల్పోయారు. నలుబది రెండేళ్ల వయసులో దేశాన్నీ, మాతృభాష వినబడే వీధులనూ పోగొట్టుకొన్న ఆమె, ఆంగ్లంలోనే మాట్లాడుతూ, వ్రాస్తూ జీవితాన్ని మరల మొదలుపెట్టారు.

లండన్ మీద బాంబుల వర్షం కురుస్తున్న 1941 జనవరిలో, ఇండ్లు కూలి చెదరిపోయిన కుటుంబాల పిల్లల కొరకు హాంప్‌స్టెడ్ ప్రాంతంలో అన్నా, డోరతీ కలిసి శిశు శరణాలయాన్ని తెరిచారు. ఖర్చులకు అమెరికా దాతలు సాయపడ్డారు. యుద్ధం ముగిసేలోగా మూడు ఇండ్లలో 190 మందికి పైగా పిల్లలు ఆశ్రయం పొందారు. అక్కడ పనిచేసిన యువతులలో చాలామంది తామే కాందిశీకులు. ప్రతి ఒక్కరూ పిల్లల ఆటపాటలను, మాటలను, నిద్రను గమనించి కార్డుల మీద వ్రాయవలెనని నియమం. బాయిలరు చూచుకొనే జేమ్స్ రాబర్ట్‌సన్‌కు కూడ ఈ నియమం నుండి మినహాయింపు లేదు. అట్లు చూడడం నేర్చిన ఆయనే, ఆసుపత్రిలో తల్లికి దూరమైన రెండేళ్ల పాప వేదనను 1952లో చలనచిత్రంగా తీసి, పిల్లల వార్డులలోకి తల్లిదండ్రులను అనుమతించే మార్పుకు దోహదం చేశారు.

ఆ కార్డుల నుండి వెలువడిన నిర్ణయం ఆనాటివారిని ఆశ్చర్యపరచింది. పిల్లలను బాంబుల చప్పుడుకంటె తల్లి ఎడబాటే ఎక్కువ క్రుంగదీస్తున్నది. ఒక్కొక్క సహాయకురాలికి నలుగురైదుగురు పిల్లలను అప్పగించి చిన్న చిన్న కుటుంబాలుగా ఏర్పరచినప్పుడు, మొదట ఈర్ష్యలు, ఏడుపులు చెలరేగినా, పిల్లలు త్వరత్వరగా ఎదిగారు. శరణాలయంలో పెరిగే పసివారు అన్ని విషయాలలో కంటె మాటలు నేర్వడంలో వెనుకబడుతున్నారని కూడ ఆమె గమనించారు. బిడ్డకు మాట వచ్చేది తనను ప్రేమించే ఒక మనిషి ముఖం చూచియే కదా.

ఆ శరణాలయంలో నాలుగేళ్ల బాలుడొకడు ఉండేవాడు. వాడి తండ్రి బాంబు దాడిలో మరణించాడు. తల్లి మనోవ్యధతో ఆసుపత్రి పాలయింది. తండ్రి చనిపోయాడన్న మాట వాడు ఒప్పుకొనేవాడు కాదు. మంచం మీద కాగితపు ఇండ్లు కట్టి, పైకప్పులు వేసి, గోళీలను బాంబులుగా విసిరి వాటిని కూల్చేవాడు. ఎన్నిమార్లు ఆడినా, మనుషులందరూ సమయానికి తప్పించుకొనేవారు. ఇండ్లన్నీ తిరిగి లేచేవి. తక్కిన పిల్లలు అటువంటి ఆటలు ఆడి ఊరట పొంది మానివేస్తుంటే, వీడు మాత్రం తెరిపి లేకుండా ఆడుతూనే ఉన్నాడు. జరిగిన దానిని జరగలేదనిపించాలని వాడి తాపత్రయం. ఎవరూ ఆ ఆటను మాన్పించలేదు. సుమారు ఆరు నెలలకు ఒకనాడు, తండ్రి మరణించాడనీ, తల్లి యుద్ధం ముగిశాక వస్తుందనీ, తండ్రి మాత్రం ఇక రాడనీ వాడే తన నోట చెప్పాడు. మాట పలికిన తరువాత ఆ ఆట అవసరం తీరిపోయింది.

ఇక్కడ నా అనుభవం ఒకటి మనవి చేయక తప్పదు. కరోనా విపత్తు అనంతరం 2021 నవంబరులో చిన్న తరగతులు తిరిగి తెరచుకొన్నప్పుడు, ఒక బాలిక బొమ్మను అట్టపెట్టెలో పడుకోబెట్టి, మూత మూసి, తోటి పిల్లలను దగ్గరకు రావద్దని గద్దించే ఆట రోజూ ఆడేది. ఆ ఇంట తాతగారు పోయిన సంగతి నాకు తెలుసు. అయినా బడిలో ఆ అశుభపు ఆట ఏమిటని నేనే ఆపించి, పెట్టెను తీయించివేశాను. ఆ పిల్ల ఏడవలేదు. కొన్ని వారాలు ఎవరితోనూ ఆడలేదు. తాతగారిని చివరిచూపు చూడనివ్వలేదన్న బాధను ఆ పెట్టె వద్ద ఆ పసిది చెప్పుకొంటున్నదని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. పెట్టెను మరల తెచ్చి ఇచ్చాను. ఈ మారు బొమ్మ మీద రెండు పువ్వులు ఉంచి ఆడింది. ముప్పై ఏండ్లు బోధించిన నాకు ఆ పిల్ల నేర్పిన పాఠమది.

ఆరుగురు అనాథలు

1945 అక్టోబరులో టెరెజిన్ నిర్బంధ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడిన ఆరుగురు పసివారు, సస్సెక్స్ ప్రాంతంలోని బుల్‌డాగ్స్ బ్యాంక్ అనే ఇంటికి చేరారు. అన్నా మేనత్తలలో ఒకరు మరణించినది ఆ శిబిరంలోనే. ఆ పిల్లలు మూడు, నాలుగేళ్లవారు. తల్లిదండ్రులు హతులైనారు. ఇల్లంటే వారెరుగరు. వచ్చిన మొదటి రోజులలో ఇచ్చిన బొమ్మలన్నింటిని విరగగొట్టారు, సామాను పాడుచేశారు, పెద్దవారిని కొట్టారు, కరిచారు. కాని ఆరుగురూ ఒకరిని విడిచి ఒకరు క్షణముండరు. ఒకరికి తినుబండారం ఇస్తే తక్కినవారికి అందిందా అని చూచిన పిమ్మటనే తినేవారు.

వారిని పెంచిన సోఫీ డాన్, గెర్‌ట్రూడ్ డాన్ సోదరీమణులు దండనను ఆశ్రయించలేదు. పిల్లలకు వచ్చినది జర్మను భాష, అందులో కొన్ని చెక్ మాటలు. తొలుత వారి భాషలోనే వారితో మాట్లాడారు. నమ్మకం కుదిరిన కొద్దీ విధ్వంసం తగ్గింది, ఆట మొదలైంది, ఏడాదిలోగా ఆంగ్లం కూడ వచ్చింది. ఈ వృత్తాంతాన్ని అన్నా 1951లో ప్రకటించారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం, పెద్ద చదువులకు ఆంగ్లం నడుమ పెరిగే మన పిల్లల విషయంలో ఇది గమనింపదగినది. పరాయి భాష రానీయండి, మంచిదే. అయితే భయాన్ని, దుఃఖాన్ని చెప్పుకోవడానికి బిడ్డకు రెండు ద్వారాలు ఎన్నడూ తెరచి ఉండాలి. ఒకటి తల్లి భాష, రెండవది ఆట.

చరమ జీవితం

1947లో బాలల చికిత్సకులకు శిక్షణను, 1952లో హాంప్‌స్టెడ్ చికిత్సాలయాన్ని అన్నా ప్రారంభించారు. ఇదే కాలంలో అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్, పెద్దలు దారి చూపక పిల్లవాడే దారి చూపే ఆట చికిత్సను 1947లో గ్రంథస్థం చేశారు. నేడు ప్లే థెరపీ అని వ్యవహరించే విధానానికి ఈ పాయలన్నీ కలిశాయి. పిల్లలకు సంబంధించిన న్యాయస్థాన వివాదాలలో పెద్దల హక్కులకంటె బిడ్డ మేలును ముందు చూడవలెనని 1973లో ఇద్దరు సహరచయితలతో కలిసి అన్నా ప్రకటించిన గ్రంథం న్యాయవాదులను కూడ ఆలోచింపజేసింది.

1967లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు సి.బి.ఇ. బిరుదునిచ్చింది. డిగ్రీ లేని ఆ పంతులమ్మకు 1972లో వియన్నా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు సమర్పించింది. అవివాహితగా జీవించిన ఆమె తీరిక వేళలలో మగ్గం మీద నేత నేసేవారు. అల్లిక సూదులు చేతిని విడిచేవి కావు. 1982లో పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైనప్పుడు, తండ్రి తొడిగిన పాత కోటును కప్పుకొని దగ్గరి మైదానానికి వెళ్లేవారు. ఆ సంవత్సరం అక్టోబరు 9వ తేదీన 86వ ఏట లండన్‌లో పరమపదించారు. ఆమె నివసించిన ఇల్లు 1986లో ఫ్రాయిడ్ మ్యూజియంగా ప్రజలకు తెరచుకొన్నది. చికిత్సాలయం ఆమె పేరుతోనే తన సేవలను కొనసాగించింది.

మనకు సందేశం

మనమందరమూ చికిత్సకులము కాలేము. పిల్లవాడి ప్రతి ఆటకూ అర్థం చెప్పబూనడం కూడ తగదని అన్నాయే హెచ్చరించారు. నెలల తరబడి మాట మానివేసిన బిడ్డకు, నిద్రలో ఉలిక్కిపడి లేచే బిడ్డకు శిక్షణ పొందిన నిపుణుల సాయం అవసరమే. కాని మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లలకు ఆడుకొనే సమయాన్ని పరీక్షల పేరిట హరించకుండా ఉండవచ్చును. ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. మట్టి, ఇసుక, కాగితం, పాత చీరముక్క, అట్టపెట్టె చాలును. చేతికి సెల్‌ఫోను ఇచ్చి నోరు మూయించే బదులు, పక్కన కూర్చొని వాడి ఆటను చూడవచ్చును. ఎవరినీ గాయపరచనంత వరకు, ఆ ఆట మనకు నచ్చకపోయినా ఆపకుండా ఉండవచ్చును.

ఈ 75 ఏండ్లలో మన బడి ఆవరణలోని ఇసుకలో ఎన్ని బొమ్మరిండ్లు లేచాయో, ఎన్ని కూలాయో లెక్క లేదు. వాటిని కట్టిన చేతులు నేడు తల్లిదండ్రుల చేతులై, తమ బిడ్డలను ఈ గుమ్మం ముందు దించి వెళుతున్నాయి. ఆ బిడ్డలు సాయంత్రం ఇంటికి వచ్చి బొమ్మను ముద్దాడినా, దండించినా, ఒక్క నిమిషం పని ఆపి చూడవలసినదిగా ప్రతి తల్లిని, ప్రతి తండ్రిని సవినయంగా కోరుతున్నాను. మీ బిడ్డ మీతో చెప్పదలచుకొన్నది బహుశా అక్కడే ఉంటుంది.